నీలం లైట్ కింద కోరల్స్: విజయనగరంలో ఒక ఇంటి రీఫ్ ట్యాంక్ షూట్, మొత్తం కేసు

పెళ్లి రిసెప్షన్లు తీసేవాళ్లకి స్టేజ్ మీద బ్లూ పార్ లైట్ అంటే ఎంత మంటో చెప్పక్కర్లేదు. కళ్లతో చూస్తే స్టేజ్ అంతా బ్రహ్మాండంగా ఉంటుంది, కెమెరా వెనక చూస్తే పెళ్లికూతురి మొహంలో ముక్కు లేదు బుగ్గ లేదు అంతా ఒకటే నీలం ముద్ద, జాకెట్ మీద మగ్గం వర్క్ కూడా ఎగిరిపోతుంది. ఇంట్లో రీఫ్ ట్యాంక్, అంటే ఉప్పునీళ్లలో కోరల్స్ (పగడపు జీవులు) పెంచే అక్వేరియం, ఫొటో తీయడం అంటే అచ్చంగా అదే తలనొప్పి. కాకపోతే అక్కడ లైటింగ్ కుర్రాడిని పిలిచి "ఆ నీలం కాసేపు ఆపు తమ్ముడూ" అనొచ్చు, ఇక్కడ అలా కుదరదు, ఎందుకంటే ఆ నీలం వల్లే కోరల్స్ మెరుస్తాయి, అది ఆపేస్తే ఆ మెరుపే ఉండదు.

కేసు ఇది. భోగాపురం వైపు రొయ్యల హేచరీలో టెక్నీషియన్‌గా చేసే అన్నయ్య ఒకాయన, ఇల్లు మా విజయనగరం దాసన్నపేటలో. వాళ్ల చెల్లెలి పెళ్లి నేనే తీశాను, ఆ పరిచయం. పగలంతా హేచరీలో ఉప్పునీళ్లతోనే పని, సాయంత్రం ఇంటికొచ్చి మళ్లీ ఇంకో ఉప్పునీళ్ల ట్యాంక్ ముందు కూర్చుంటాడు. వాళ్లమ్మగారైతే "ఏటి బాబూ ఇది, చేపలు పట్టుమని నాలుగు లేవు, రాళ్లకి ఏసీ పెట్టాడు వీడు" అని నాకే కంప్లైంట్ (నీళ్లు చల్లబరిచే చిల్లర్‌ని ఏసీ అంటారావిడ). అన్నయ్యకి కావాల్సినవి రెండు. ఒకటి, హాల్లో పెట్టుకోడానికి పెద్ద ప్రింట్, రాత్రి ఎనిమిదింటికి సోఫాలో కూర్చుంటే తనకి ఎలా కనిపిస్తుందో అలాగే ఉండాలి. రెండోది, నెలనెలా ఒకే చోట నుంచి ఒకే రకంగా తీసుకునే రికార్డ్ ఫొటో, ఏది పెరిగింది ఏది డల్ అయింది చూసుకోడానికి. రెండూ ఒకే సెట్టింగ్‌తో అయిపోతాయని ఆయన లెక్క. అవ్వవు, ఎందుకవ్వవో చివర్లో వస్తుంది.

ట్యాంక్ మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు, అంటే 190 లీటర్ల దాకా, 10 మిల్లీమీటర్ల మామూలు గ్లాసు. నీళ్లు సముద్రానివి కావు, ఆర్వో నీళ్లలో సింథటిక్ సాల్ట్ కలిపి సెలినిటీ (ఉప్పదనం) 35 పీపీటీ, అంటే వెయ్యికి 35 వంతుల దగ్గర ఉంచుతాడు, టెంపరేచర్ 26 డిగ్రీలు. ఉద్యోగమే సముద్రం పక్కన, రెండు డ్రమ్ములు పట్టుకొచ్చేస్తే పోదా అని అడిగితే, వానాకాలం నాగావళి వంశధార పొంగి సముద్రంలో కలిసినప్పుడు మన తీరంలో ఉప్పు పడిపోతాది తమ్ముడూ, రొయ్య ఎలాగో సర్దుకుంటాది గానీ ఇవి సర్దుకోవు అన్నాడు. లోపల ఉన్నవి చిన్న పువ్వుల్లా ఉండే జోయాంథిడ్స్ (పొట్టిగా జోయాలు) గుంపులు, డిస్కోసోమా మష్రూములు, అరచేయంత లెదర్ కోరల్ ఒకటి, గ్రీన్ స్టార్ పాలిప్స్, ఇంకా గుప్పిట మూసి తెరిచినట్టు కదిలే జీనియా. అన్నీ సాఫ్ట్ రకాలే, అది నేను ముందే అడిగి మరీ తెలుసుకున్నాను. రాతి అస్థిపంజరం కట్టే కోరల్స్ మొత్తం, బ్లాక్ కోరల్, ఫైర్ కోరల్, ఆర్గాన్ పైప్, సీ ఫ్యాన్లు, ఇవన్నీ మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో షెడ్యూల్ 1 కింద ఉన్నాయి, పులి ఉన్న షెడ్యూలే అది. మనం తీసిన ఫొటో రేపు ఎక్కడెక్కడికో పోతుంది కాబట్టి లోపల ఏముందో ఫొటోగ్రాఫర్ కూడా తెలుసుకుని దిగడం మంచిది.

పైన వేలాడేది 165 వాట్ల బ్లాక్ బాక్స్ ఎల్ఈడీ, రెండు నాబ్‌లు, ఒకటి వైట్ ఒకటి బ్లూ. సాయంత్రం నుంచి బ్లూ బాగా పైన, వైట్ నామమాత్రం. అన్నయ్య ఫోన్‌లో అప్పటిదాకా తీసినవన్నీ చూపించాడు, ఏ ఫొటో చూసినా ఇంకు సీసా ఒలికినట్టే ఉంది, మధ్యలో ఎక్కడో పచ్చ చుక్కలు. "నాకు కళ్లకి ఆరెంజ్, ఆకుపచ్చ, ఎరుపు అన్నీ కనిపిస్తున్నాయి, దీనికేటి రోగం" అని ఫోన్‌ని తిట్టుకున్నాడు పాపం. ఫోన్‌కి రోగం ఏం లేదు.

అసలు సంగతి మన కంటిలో ఉంది. కన్ను అన్ని రంగుల వెలుతురునీ ఒకే లెక్కన చూడదు. 555 నానోమీటర్ల దగ్గర ఉండే పసుపుపచ్చకి కన్ను 100 మార్కులేస్తే, రీఫ్ లైట్లలో రాయల్ బ్లూ ఉండే 450 దగ్గర అంతే శక్తి ఉన్న వెలుతురుకి 4 మార్కులు కూడా వెయ్యదు. అందుకే గదిలో కూర్చుంటే ఆ నీలం మనకి మెత్తగా, మసగ్గా, వెనకెక్కడో ఉన్నట్టు ఉంటుంది, దాని ముందు కోరల్ నుంచి వచ్చే ఆకుపచ్చ నారింజ వెలుగులు ధగధగమని కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. సెన్సర్‌కి ఆ మొహమాటం లేదు. దాని బ్లూ పిక్సెల్స్ బాగా పనిచేసేదే సరిగ్గా ఆ 450 చుట్టుపక్కల, కాబట్టి ఉన్న నీలాన్నంతా ఉన్నట్టుగా తాగేస్తుంది. అంటే కెమెరా అబద్ధం చెప్పట్లేదు, మన కన్నే నీలాన్ని తక్కువ చేసి చూపిస్తోంది. ఈ ఒక్క ముక్క బుర్రకెక్కితే మిగతా పనంతా దాన్నుంచే వస్తుంది: కన్ను తగ్గించినట్టే మనమూ నీలాన్ని తగ్గించాలి, అదీ సెన్సర్ దాకా వెళ్లకముందే తగ్గించాలి, వెళ్లాక ఎడిటింగ్‌లో పీకుదాం అంటే ఆలస్యమైపోయినట్టే.

కోరల్ మెరుపు గురించి కొంచెం. ఆ నారింజా ఆకుపచ్చా లైట్ తగిలి వెనక్కొచ్చే మామూలు రంగులు కావు, ఫ్లోరసెన్స్. కోరల్ కణాల్లో ఉండే ప్రోటీన్లు నీలం వెలుతురుని మింగి దానికన్నా పొడవు తరంగదైర్ఘ్యంలో, అంటే ఆకుపచ్చ, నారింజ, ఎరుపు వైపు, తిరిగి వదుల్తాయి. ఈ కుటుంబంలో మొదటిది, జీఎఫ్‌పీ, జెల్లీఫిష్‌లో దొరికింది 1962లో, దాని మీద పనికే 2008లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది షిమోమురా, చాల్ఫీ, చెన్‌లకి. ఎర్రటి రకం 1999లో రష్యా శాస్త్రవేత్తలు బయటపెట్టారు, అది డిస్కోసోమా నుంచి, అంటే అన్నయ్య ట్యాంక్‌లో రాయి మీద అతుక్కుని కూర్చున్న మష్రూమ్ చుట్టమే, దాని వెలుగు 583 నానోమీటర్ల దగ్గర. అన్నయ్యకి ఇది చెప్తే వాళ్లమ్మగారిని పిలిచి "చూడమ్మా, నోబెల్ వచ్చిన రాయి" అన్నాడు. ఆవిడ "అయితే కరెంట్ బిల్లు వాళ్లనే కట్టమను" అన్నారు.

ఫొటోగ్రాఫర్‌కి ఇందులో పనికొచ్చేది ఏంటంటే, లైట్ ఇచ్చే నీలం 450 దగ్గర, కోరల్ ఇచ్చే వెలుగు 500 పైన. రెండూ వేర్వేరు చోట్ల ఉన్నాయి కాబట్టి మధ్యలో గోడ కట్టొచ్చు.

గోడ కట్టకుండా వైట్ బ్యాలెన్స్‌తో, అంటే తెలుపు తెల్లగా వచ్చేలా రంగులు సర్దే కెమెరా సెట్టింగ్‌తో, లాగుదామంటే ఎంతవరకు వెళ్తుందో ఫస్ట్ అది చూశాను. చాలా కెమెరాల్లో దాని కెల్విన్ (వెలుతురు రంగుని కొలిచే అంకె) సెట్టింగ్ 10000 దగ్గర ఆగిపోతుంది. బ్లూ ఎక్కువ పెట్టిన రీఫ్ లైట్‌ని అమ్మేవాళ్లు 20000 కెల్విన్ అంటుంటారు గానీ నిజానికి అది కెల్విన్ స్కేల్ మీద సరిగ్గా కూర్చునే వెలుతురే కాదు. 10000 పెట్టినా నీలం ముద్ద కాస్త పలచబడింది అంతే. ఇంకోటి, ఇది చాలామంది పట్టించుకోరు, కెమెరా వెనక కనిపించే తెల్ల హిస్టోగ్రామ్‌ని (ఫొటోలో వెలుతురు ఎంత పడిందో చూపించే గ్రాఫ్) ఇక్కడ నమ్మకూడదు. అది బ్రైట్‌నెస్ హిస్టోగ్రామ్, అందులో నీలానికి ఇచ్చే వాటా 7 నుంచి 11 శాతం దాకానే, మిగతాదంతా ఆకుపచ్చా ఎరుపే. అంటే బ్లూ ఛానల్ పూర్తిగా పేలిపోయి గోడకి కొట్టుకున్నా ఆ గ్రాఫ్ మాత్రం ఎడమ వైపు ప్రశాంతంగా పడుకుని "ఇంకా ఎక్స్‌పోజర్ పెంచుకోవచ్చు" అంటుంది, అది నమ్మి పెంచితే జోయా రేకుల మీద గీతలన్నీ పోతాయి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపించే ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ ఆన్ చేసుకుని నీలం గీత ఒక్కటే చూసుకుంటూ తీయాలి. దాన్ని కాపాడదామని ఎక్స్‌పోజర్ తగ్గిస్తే ఇంకో బాధ, ఎరుపు ఛానల్‌కి వెలుతురు అసలు అందదు, తర్వాత లేపితే గుగ్గిలం చల్లినట్టు నాయిస్. నీలం కాపాడితే ఎరుపు పోతుంది, ఎరుపు కాపాడితే నీలం పోతుంది.

అందుకే ఫిల్టర్. లెన్స్ ముందు గాఢమైన పసుపు ఫిల్టర్, 500 నానోమీటర్ల కింద ఉన్న నీలాన్నంతా ఆపేసి పైవాటిని వదిలేది. పాత ఫిల్మ్ రోజుల్లో రాటెన్ నంబర్ 12 అనేవాళ్లు, మైనస్ బ్లూ అని దాని ఇంకో పేరు, పేరులోనే పని ఉంది. నా దగ్గర స్టూడియో లైట్లకి వాడే ఆరెంజ్ జెల్స్ (రంగు ప్లాస్టిక్ షీట్లు) ఉన్నాయి కదా అని వాటితో మొదలెట్టాను, అవి నీలాన్ని తగ్గిస్తాయి గానీ కోసెయ్యవు, రెండు పొరలు వేస్తే నీలం బాగానే పోయింది కానీ ఆకుపచ్చ కూడా దెబ్బతిని అంతా మట్టి రంగు. ఆ తర్వాత సైన్‌బోర్డ్ షాపులో పసుపు అక్రిలిక్ ముక్క కోయించి చూశాం, రంగు బానే వచ్చింది, నీలం శుభ్రంగా ఆగింది, అయితే మ్యాక్రో లెన్స్ (చిన్నవాటిని దగ్గర నుంచి పెద్దగా తీసేది) ముందు పెడితే షార్ప్‌నెస్ పోయి ఫొటో మీద నూనె రాసినట్టుంది, బోర్డులకి చేసిన షీట్ అంతకన్నా ఏం చేస్తుంది పాపం. అదే ముక్క ఫోన్ కెమెరా చిన్న లెన్స్ ముందు పెడితే పర్లేదు, అందుకే అది అన్నయ్యకే వదిలేశా. నాకు మాత్రం గ్లాస్ ఫిల్టర్ తెప్పించుకోవాల్సి వచ్చింది.

ఆ ఫిల్టర్ పెట్టి కెమెరా వెనక మొదటి ఫొటో చూస్తే అప్పటిదాకా నీలంలో మునిగిపోయిన జోయాంథిడ్ ఒక్కొక్కటీ విడిగా తేలింది, నోటి చుట్టూ ఆకుపచ్చ వలయం, దాని బయట నారింజ పళ్లెం, అంచుల్లో రేకుల కొసలకి మళ్లీ ఇంకో రకం లేత పచ్చ. అన్నయ్య స్క్రీన్ లాక్కుని జూమ్ చేసుకుంటూ ఉండిపోయాడు, "ఈ మధ్యలో గీతలున్నట్టు నాకే తెలీదు" అని. ఫిల్టర్‌తో నష్టాలూ ఉన్నాయి. వెలుతురు బాగా పడిపోతుంది, ఆటోఫోకస్ తడుముకుంటుంది, ఇంకా ఫ్లోరసెన్స్ లేనివన్నీ చచ్చిపోయినట్టు కనిపిస్తాయి. జీనియా అదే, నీలం కింద లేత గులాబీ ఊదా కలిపి ముచ్చటగా ఉండేది, ఫిల్టర్‌లో బూడిద రంగు తోకలు. దానికి మందు లేదు, ప్రింట్‌కి ఫ్రేమ్ పెట్టేటప్పుడు దాన్ని అంచుకి తోసేశాను, అన్నయ్య ఇప్పటికీ సణుగుతాడు.

ఫ్లాష్ గురించి అడిగేవాళ్లుంటారు కాబట్టి చెప్తున్నా, పై నుంచి తెల్ల ఫ్లాష్ కొడితే కోరల్ అసలు రంగు వస్తుంది, అసలు రంగు అంటే ఎక్కువ భాగం గోధుమ రంగు, ఎందుకంటే దాని కణజాలంలో ఉండే శైవలాలు, జూజాంథెల్లే అంటారు, అవి గోధుమ రంగువే. సైన్సు పుస్తకానికి పనికొస్తుంది, హాల్లో గోడకి కాదు.

ఇంక చారల సంగతి. బ్లాక్ బాక్స్ నాబ్ తగ్గించినప్పుడు ఎల్ఈడీ నిజంగా మసకబారదు, కంటికి కనపడనంత వేగంగా ఆగి వెలిగి ఆగి వెలిగి మనకి తక్కువ వెలుతురు అనిపిస్తుంది. షట్టర్ స్పీడ్ ఎక్కువ పెడితే, ముఖ్యంగా సైలెంట్ షట్టర్‌లో, ఫొటో నిండా అడ్డంగా చీకటి పట్టీలు. మెకానికల్ షట్టర్‌కి మారి 1/50 దగ్గరికి దించితే పోయాయి, మన కరెంట్ 50 హెర్ట్జ్ కాబట్టి 1/50, 1/100 ఎలాగూ మనకి అలవాటైన నంబర్లే. జీనియా కదలిక ఆపడానికి 1/125 కావాల్సిన చోట మాత్రం ఆ కాసేపూ బ్లూ నాబ్ ఫుల్‌కి తిప్పించాను, ఫుల్‌లో ఆ ఆగి వెలగడం ఉండదు. రెండు మూడు నిమిషాలే, అంతకు మించి అలా కాల్చకూడదని అన్నయ్య గడియారం పట్టుకుని నిలబడ్డాడు.

మిగతా ఏర్పాట్లు చెప్తే చిన్నవే గానీ సగం షార్ప్‌నెస్ వాటిలోనే ఉంది. గ్లాస్ లోపల వైపు మ్యాగ్నెట్ క్లీనర్‌తో షూట్‌కి గంట ముందే తుడవాలి, అప్పుడే తుడిచి అప్పుడే తీస్తే లేచిన పాచి తుక్కంతా ఫొటోలో చుక్కలు. నీళ్లు కదిపే వేవ్‌మేకర్, రిటర్న్ పంప్ ఆపి ఒక పది పదిహేను నిమిషాలు వదిలేస్తే నీళ్లు తేరుకుంటాయి. సీలింగ్ ఫ్యాన్ కూడా ఆపాలి, ఇది ఎవరికీ తట్టదు, ఫ్యాన్ గాలికి నీటి పైన సన్న అలలు లేస్తాయి, ఎల్ఈడీ చుక్క లైటు కాబట్టి ఆ అలలు కోరల్ మీద పాకే వెలుగు గీతలుగా పడతాయి, ఒక ఫ్రేమ్‌లో ఎడమ పాలిప్ మెరిస్తే ఇంకో దాంట్లో కుడిది. కర్టెన్లు వేసి, లైట్లు ఆపి, ఫ్యాన్ ఆపి, విజయనగరం మే నెలలో నల్ల టీషర్ట్ వేసుకుని కూర్చుంటే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు, 26 డిగ్రీల్లో హాయిగా ఉన్నవి ఆ కోరల్స్ మాత్రమే. నల్ల టీషర్ట్ స్టైల్ కోసం కాదు, తెల్ల చొక్కా అయితే గ్లాస్‌లో నా పొట్టే కనిపిస్తుంది.

లెన్స్ గ్లాస్‌కి నిటారుగా, సరిగ్గా తొంభై డిగ్రీల్లో ఉండాలి. నీళ్లు, గ్లాసు, గాలి మూడూ వెలుతురుని మూడు రకాలుగా వంచుతాయి, ఏటవాలుగా చూస్తే అంచుల్లో రంగులు విడిపోయి మసక వస్తుంది, ఎంత ఖరీదు లెన్సైనా అంతే. నిటారుగా చూసినా 20 సెంటీమీటర్ల లోపల ఉన్నది 15 లోనే ఉన్నట్టు కనిపిస్తుంది, అది ఫోకస్‌కి ఇబ్బంది కాదు గానీ ఎంత దగ్గరగా వెళ్లగలం అని అంచనా వేసేటప్పుడు మోసం చేస్తుంది. లెన్స్ చివర రబ్బర్ హుడ్ తగిలించి గ్లాస్‌కి ఆనించేస్తే రిఫ్లెక్షన్ సమస్యా పోతుంది, నిటారుగా ఉందా లేదా అన్న అనుమానమూ పోతుంది. మ్యాక్రోలో ఫోకస్‌లో ఉండే లోతు అసలు ఉండదు. ఒకటికి ఒకటి సైజులో, అంటే సెన్సర్ మీద బొమ్మ అసలు సైజంతే పడేలా తీస్తే, ఎఫ్ 8 పెట్టినా ఫోకస్‌లో ఉండేది దాదాపు ఒక మిల్లీమీటర్, సగం సైజులో తీస్తే మూడు మిల్లీమీటర్ల దాకా వస్తుంది. జోయా పళ్లెం కొంచెం గిన్నెలా ఉంటుంది, నోరు ఫోకస్‌లో ఉంటే రేకులు పోతాయి. అందుకని నేను సగం సైజులోనే తీసి క్రాప్ చేసుకున్నాను. ట్రైపాడ్, టైమర్, ఐఎస్ఓ 1600 దగ్గర.

ఒక రాయి కొంచెం తిప్పితే బాగుణ్ణని చెయ్యి పెట్టబోతే అన్నయ్య ఆపేశాడు. జోయాంథిడ్స్, పాలిథోవా జాతి వాటిల్లో పాలిటాక్సిన్ అనే విషం ఉండొచ్చు, చాలా ప్రమాదం, చేతికి చిన్న గీత ఉన్నా, ఆ నీళ్లు కంట్లో పడ్డా ఆస్పత్రే. ఆయనే గ్లవ్స్ వేసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని తిప్పాడు. అక్వేరియం షూట్‌కి వెళ్లే కుర్రాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి, బాగుంది కదా అని ముట్టుకోవద్దు.

ప్రింట్‌కి ఎంచుకున్నది మాత్రం ముందు నుంచి తీసింది కాదు, పై నుంచి తీసింది. కోరల్ రంగు ఎక్కువగా లైట్ వైపు తిరిగిన పై భాగంలోనే ఉంటుంది, ముందు నుంచి చూస్తే మనకి పక్కలే కనిపిస్తాయి. అయితే పై నుంచి చూస్తే నీటి కదలిక అంతా వంకర్లు. దీనికి 4 అంగుళాల పీవీసీ పైపు ముక్క తీసుకుని ఒక చివర క్లియర్ అక్రిలిక్ బిళ్ల సిలికాన్‌తో అతికించి, ఆ చివర నీళ్లలో అంగుళం ముంచి పైన నుంచి లెన్స్ దించాం, కిటికీలా. సిలికాన్ అంటే ట్యాంకులకి వాడే మందు కలపని రకం, బాత్రూమ్‌ది వాడితే అందులో బూజు మందు ఉంటుంది. పైపు లోపల నల్ల పెయింట్ వేసి పూర్తిగా ఆరాకే వాడాం. పై నుంచి తీయడానికి లైట్ బాక్స్ కొంచెం పక్కకి జరపాలి, అందుకని వెలుతురు ఒక వైపు నుంచి పడింది, నాకు అదే నచ్చింది, లెదర్ కోరల్ మీద పాలిప్స్ ఒక్కొక్కటి నిలబడ్డట్టు వచ్చాయి. కెమెరా బెల్ట్ మాత్రం మెడలోంచి తియ్యకండి.

ఎడిటింగ్ గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి, ట్యాంక్ వెలుగుతున్న గదిలో కూర్చుని ఎడిట్ చెయ్యొద్దు. అన్నయ్య ల్యాప్‌టాప్ తెచ్చి అక్కడే చూద్దాం, పక్కపక్కనే పోల్చుకోవచ్చు అన్నాడు, వినడానికి న్యాయంగానే ఉంది. కానీ ఆ నీలంలో పావుగంట కూర్చుంటే కన్ను దానికి అలవాటు పడిపోయి ల్యాప్‌టాప్ స్క్రీన్ పచ్చకామెర్లు వచ్చినట్టు కనిపిస్తుంది, దాన్ని సరిచేస్తూ పోతే పొద్దున్న స్టూడియోలో తెరిచి చూసినప్పుడు ఫొటో మళ్లీ నీలం. అందుకని ట్యాంక్ ముందు ఏ కోరల్ ఏ రంగుకి దగ్గరగా ఉందో అన్నయ్య చేత మాటల్లో చెప్పించుకుని రాసుకున్నాను, "ఇది తోటకూర కాడ కన్నా లేత, అది తంగేడు పువ్వు కాదు బంతి పువ్వు" ఈ లెక్కన, ఎడిట్ మాత్రం స్టూడియోలో. రా ఫైలే (సెన్సర్ చూసిందంతా ఉంచే ఫైల్) తీయాలి, జేపెగ్‌లో ఇంత లాగడానికి ఏం మిగలదు. ఫిల్టర్‌తో తీసినవాటికి పెద్దగా చేసిందేం లేదు, పసుపు వైపు వాలింది కాబట్టి వైట్ బ్యాలెన్స్ వెనక్కి లాగి, ఆకుపచ్చ సాచురేషన్ తగ్గించాను. తగ్గించాను అన్నది గమనించండి. అందరూ ఇక్కడ పెంచుతారు, కోరల్ ముక్కలు అమ్మేవాళ్లయితే చెప్పనే అక్కర్లేదు, ఆ ఫొటో చూసి కొన్నవాడు ఇంటికెళ్లి పెట్టుకుంటే గోధుమ రంగు.

ఫిల్టర్‌లో నీలం అంతా పోయింది కాబట్టి వెనక నీళ్లు నల్లగా వచ్చాయి. అన్నయ్యకి అది నచ్చలేదు, "నా హాల్లో నీలం ఉంటాది కదా" అన్నాడు, న్యాయమే. అందుకని ట్రైపాడ్ కదలకుండా ఫిల్టర్ తీసి బాగా అండర్‌లో (వెలుతురు తగ్గించి) ఇంకో ఫ్రేమ్ తీశాను, అందులోంచి వెనక నీలం ఒక్కటే కొద్దిగా కలిపాను. కలిపిన ఫొటో అని ఆయనకి చెప్పే చేశాను. మా ఇద్దరికీ అది నిజానికి దగ్గరగానే అనిపించింది, ఎందుకంటే ఒక్క క్లిక్‌లో కెమెరా చూసేది ఆయన చూసేది కాదు.

ప్రింట్ ఇంకో కథ. మన ఆల్బమ్ ల్యాబులన్నీ ఎస్ఆర్‌జీబీ (మామూలు స్క్రీన్లకి సరిపడా రంగుల డబ్బా) ఫైల్ తీసుకుంటాయి, 450 నానోమీటర్ల నీలం ఆ డబ్బాలో పట్టదు, కాగితం మీద ఇంకా పట్టదు, పట్టనిదాన్ని మెషీన్ దగ్గర్లో ఉన్న ఊదా రంగులోకి తోస్తుంది. చిన్న సైజులో టెస్ట్ ప్రింట్ వేయిస్తే వెనకంతా వంకాయ రంగు. నీలం సాచురేషన్ దించి, హ్యూ (రంగు ఛాయ) కొంచెం సయాన్ (ఆకుపచ్చ కలిసిన నీలం) వైపు జరిపి మళ్లీ వేయిస్తే కుదిరింది. పేపర్ గ్లాసీ తీసుకున్నాం, మ్యాట్‌లో నారింజ చప్పబడింది. 24కి 36 అంగుళాలు, ఇప్పుడు హాల్లో ట్యాంక్‌కి ఎదురు గోడ మీద ఉంది. ట్యాంక్ వెలుగుతున్నప్పుడు ఆ నీలం పడి ప్రింట్ రంగులన్నీ చెడిపోతాయి, దానికి విడిగా ఒక తెల్ల స్పాట్ లైట్ పెట్టించాను.

ఇక రికార్డ్ ఫొటో. దీనికి ఫిల్టర్ వద్దు, బ్లూ వద్దు అన్నాను, అన్నయ్యకి నచ్చలేదు, "తెల్ల లైట్‌లో ఏం బాగుంటాది" అని. బాగుండడానికి కాదు కదా అది. వైట్ నాబ్ ఫుల్, బ్లూ పూర్తిగా కింద, ఆ పొజిషన్లు స్కెచ్ పెన్‌తో నాబ్ పక్కనే గుర్తు పెట్టాం. నేల మీద ట్రైపాడ్ కాళ్లకి టేప్ ముక్కలు. తెలుపు ఏదో తెలియడానికి ఒక అక్రిలిక్ ముక్కకి ప్లంబర్లు పైపులకి చుట్టే టెఫ్లాన్ టేప్ నాలుగైదు చుట్లు చుట్టి ఇసుకలో గుచ్చాం, దాని మీద కస్టమ్ వైట్ బ్యాలెన్స్, ఆ టేప్ అన్ని రంగులనీ దాదాపు సమానంగా వెనక్కి పంపుతుంది, ఉప్పునీళ్లలో ఏమీ అవ్వదు, షాపులో పది ఇరవై రూపాయలు. ఫోన్‌లో ప్రో మోడ్, రా, ఐఎస్ఓ ఒకటే, షట్టర్ ఒకటే, అంతా రాసి ఇచ్చాను.

మొదటి రికార్డ్ ఫొటో, ప్రింట్‌కి తీసిన ఫొటో పక్కపక్కన పెట్టినప్పుడే తేడా పడింది. రాతి కొస మీద, లైట్‌కి బాగా దగ్గర్లో, ఒక డిస్కోసోమా ఉంది, ప్రింట్ ఫొటోలో అందరికన్నా అందంగా వెలిగింది అదే, ఎర్రగా నిప్పు కణికలా, నేను దాని చుట్టూనే ఫ్రేమ్ పెట్టాను. అదే మష్రూమ్ తెల్ల లైట్ రికార్డ్‌లో పాలిపోయి ఉంది, కింద నీడలో ఉన్న దాని తోటివి నిండు గోధుమ ఎరుపులో ఉంటే ఇది ఉతికిన గుడ్డలా ఉంది. కారణం అన్నయ్యకి వెంటనే తట్టింది. ఎక్కువ వెలుతురుకి లోపలి శైవలాలు తగ్గిపోతే గోధుమ రంగు పోతుంది, మెరిసే ప్రోటీన్లు మాత్రం కోరల్ సొంతవి, అవి అలాగే ఉంటాయి, పైన కప్పే గోధుమ రంగు లేకపోయేసరికి నీలం కింద ఇంకా ఎక్కువ మెరుస్తుంది. అంటే బ్లీచ్ అవుతున్న (ఇలా శైవలాలు పోయి తెల్లబడుతున్న) కోరల్ బ్లూ ఫొటోలో అందరికన్నా ఆరోగ్యంగా కనిపిస్తుంది. డిస్కోసోమాలకి అసలే తక్కువ వెలుతురు చాలు, బాగా కనిపిస్తుందని పైన పెట్టింది ఆయనే. "మూడు నెలల్నుంచీ దీన్నే కదా అందరికీ చూపిస్తున్నాను" అని తల పట్టుకున్నాడు.

రాయిని ట్యాంక్ అడుగున, లెదర్ నీడ పడే మూలకి మార్చాడు, వైట్ ఎక్కువ పెట్టే గంటలు తగ్గించాడు. తర్వాత పంపిన రికార్డ్ ఫొటోల్లో దాని అంచుల చుట్టూ గోధుమ రంగు తిరిగి పట్టడం కనిపిస్తోంది, మధ్యలో నోటి దగ్గర ఇంకా తెలుపే. బ్లూ నాబ్ ఒక్కటే పెట్టి తీసిన ఫొటోలు కూడా వాటితో పాటు పంపాడు, వాటిలో మాత్రం మొదటి రోజుకీ ఇప్పటికీ ఆ మష్రూమ్‌లో తేడా ఏం పట్టుకోలేకపోయాను, కాస్త మెరుపు తగ్గినట్టుందంతే.